చెయ్యి ఎక్కడ మొదలవుతుంది?

నల్లగొండ దగ్గర మా ఊళ్లో తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి పెన్సిల్‌తో గీసి ఆయనకే చూపించాను. ఆయనా గీసేవాడే, నేనూ గీసేవాణ్ణే అన్న ధీమా. మామ కాసేపు చూసి, "గిదేంది అల్లుడా, చెయ్యి తెచ్చి భుజానికి అతికించినవ్? గిట్లుంటే గెల అందుతదా?" అన్నాడు.

కండలన్నీ వేశాను. షేడింగ్ కూడా బాగానే కుదిరింది. అయినా మామ మాటే నిజం. చెయ్యి భుజం దగ్గర మొదలవుతుందనుకోవడమే నా తప్పు.

ఇంట్లో ఎవరినైనా నిలబెట్టి, వీపు మీద రెక్క ఎముక కింది మొనను వేలితో పట్టుకోండి. చెయ్యి మెల్లగా పైకెత్తమనండి. మొదట్లో ఆ మొన పెద్దగా కదలదు. చెయ్యి ఇంకా లేచేకొద్దీ వెన్నుపూసను వదిలేసి చంక వైపు జరుగుతుంది. కిందికి వేలాడే చెయ్యి నిలువుగా పైకి లేవాలంటే దాదాపు 180 డిగ్రీలు తిరగాలి. అందులో 120 దాకా భుజం కీలు తిప్పితే, మిగతా 60 ఈ రెక్క ఎముక పుణ్యమే. ఇది పక్కటెముకలకు అతుక్కుని ఉండదు, కండరాల పట్టుతో వాటి మీద జారుతుంది. మొత్తం చేతిని మొండేనికి ఎముకతో కలిపేది ఒక్క కాలర్ బోన్. అది వచ్చి కలిసేది ఛాతీ ఎముక పైకొసన. అంటే బొమ్మలో చెయ్యి మొదలయ్యేది గొంతు గుంట పక్కన! నేనేమో వీపును గోడలా ఉంచి, గడియారం ముల్లు తిప్పినట్టు చెయ్యొక్కటే పైకి తిప్పాను.

ముంజేతి సంగతీ అంతే. అందులో ఉండే రెండు ఎముకలు, బొటనవేలి వైపు రత్ని, చిటికెనవేలి వైపు అరత్ని, ఇంటర్‌లో బట్టీ పట్టినవే. అరచెయ్యి వెల్లకిలా ఉంటే రెండూ పక్కపక్కన ఉంటాయి. బోర్లిస్తే రత్ని అరత్నికి అడ్డంగా పడుతుంది. మోచేతి మొనను రెండో చేత్తో పట్టుకుని అరచెయ్యి తిప్పి చూడండి, ఆ మొన తిరగదు. అది అరత్ని కొస. మణికట్టు తిరుగుతోందనుకుంటాం గానీ, తిరిగేది ముంజెయ్యి. వేళ్లను గట్టిగా ముడిచే కండరాలు కూడా అక్కడివే, సన్నటి తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లను లాగుతాయి. అందుకే మామ మోకు బిగించి పట్టినప్పుడు ఉబ్బేది మోచేతి కింద.

అలాగని ఎముకలు 206 కదా, అన్నిటి పేర్లూ నేర్వాలా అని టెన్షన్ పడక్కర్లేదు. లియొనార్డో డావిన్సీ 1510 ప్రాంతంలో భుజం గీస్తూ కొన్ని బొమ్మల్లో కండరాలను ఉత్త తాళ్లుగా వేశాడు. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి లాగుతుందో అలా తేటగా కనబడుతుంది. నాకైతే పేర్ల పట్టిక కన్నా ఆ తాళ్లే పనికొచ్చాయి.

మళ్లీ గీశాను. ఈసారి కాలర్ బోన్ ముందు, చెయ్యి తర్వాత. మామ చెయ్యి గురించి ఏమీ అనలేదు. "కాళ్లేవి?" అన్నాడు. ఒక్కో పాదంలో 26 ఎముకలు. ఇన్నాళ్లూ పాదాల దగ్గర నాలుగు గడ్డిపోచలు గీసి తప్పించుకున్నాను. తాటిచెట్టు నడుమ గడ్డెక్కడ మొలిపించేది?