506506 లోపల ఏముంది?

బిడ్డలూ,

"పెద్ద సంఖ్యలో ఏముంటుంది తాతా, అంకెలు ఎక్కువ, అంతే కదా" అన్నారు మొన్న ఫోన్‌లో. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకుని ఇది చదవండి.

మన హనుమకొండ పిన్‌కోడ్ 506001. మొదటి మూడు అంకెలను బట్టే తపాలా వాళ్లు ఉత్తరాలు ఏ వైపువో విడదీస్తారు. ఆ 506ను పక్కపక్కన రెండుసార్లు రాయండి: 506506.

దీన్ని 7తో భాగించండి. 72358 వస్తుంది, శేషం ఉండదు. దాన్ని 11తో భాగిస్తే 6578. దాన్ని 13తో భాగిస్తే మళ్లీ 506! గారడీ ఏం లేదు. 506506 అంటే 506 వేలు, పైన ఇంకో 506. అంటే 506ను 1001తో గుణించినట్టే. వేయి స్తంభాల గుడి పేరులోని వెయ్యికి ఒకటి కలిపితే వచ్చే ఈ 1001 ఉందే, అది 7 × 11 × 13. అందుకే ఏ మూడంకెల సంఖ్యను జంటగా రాసినా ఇదే జరుగుతుంది. ఒక సంఖ్య 7తో పోతుందో లేదో చూడటానికి బడిలో బట్టీ పట్టించే సూత్రం నాకెప్పుడూ రుచించలేదు. ఇది మాత్రం భలే నచ్చింది.

506 కూడా తక్కువదేం కాదు. 22 × 23 అదే. పండ్ల బండి మీద బత్తాయిలు పేర్చడం చూశారుగా? అడుగున 11 వరుసలు, వరుసకు 11 పెట్టండి: 121. దానిమీద 100, ఆపైన 81, అలా కొసకు ఒక్కటి. మొత్తం సరిగ్గా 506 కాయలు.

ఇక 506506ను పూర్తిగా విడగొడితే 2 × 7 × 11 × 11 × 13 × 23. సరి సంఖ్య, సంయుక్త సంఖ్య, వర్గం కాదు. ఇవి చప్పటి సంగతులు.

అసలు రుచి కారణాంకాల మొత్తంలో ఉంది. ఒక సంఖ్య కారణాంకాలను, ఆ సంఖ్యను వదిలేసి, కూడండి. మొత్తం తక్కువొస్తుందా, ఎక్కువొస్తుందా, సమానమా? నికోమాకస్ అనే గ్రీకు పండితుడు దాదాపు 1900 ఏళ్ల కిందటే సంఖ్యలను ఇలా మూడు రకాలు చేశాడు. 6కు 1, 2, 3 కలిపితే 6 అవుతుంది, అది పరిపూర్ణ సంఖ్య. 506కు 1, 2, 11, 22, 23, 46, 253 కలిపితే 358 మాత్రమే. 148 తక్కువ పడింది. 506506కు? కొత్తగా 7, 13, ఇంకో 11 చేరాయి కాబట్టి కారణాంకాలు 8 నుంచి ఏకంగా 48 అయ్యాయి. దాన్ని వదిలేసి మిగతా 47 కూడితే 566006. ఈసారి 59500 ఎక్కువ!

506002 మీకు వదిలేస్తున్నా, అది వరంగల్‌ది. 2తో పోతుంది, 7తో పోతుంది. ఆ తర్వాత 47 వచ్చేదాకా దేనితోనూ పోదు, విసుక్కోకండి. చివర్లో మిగిలే ప్రధాన సంఖ్య ఏదో రాసి పంపండి. కాలిక్యులేటర్ ముట్టొద్దు.

మీ తాత