తాగుడు కౌన్సెలింగ్‌లో మొదటి మీటింగ్: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను బెంగళూరులో డీ-అడిక్షన్ కౌన్సెలర్‌ని. నా దగ్గరకొచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు, అనంతపురం, కడప వైపు నుంచి బిల్డింగ్ పనులకి వచ్చినవాళ్ళు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు. ఇళ్ళు వేరు, జీతాలు వేరు, కానీ ఇంట్లోవాళ్ళు చెప్పే మాటలు మాత్రం అవే. ఆ మాటల వల్ల మనిషి మా దాకా రావడానికి ఏళ్ళకేళ్ళు ఆలస్యమవుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: "వాడికే మానాలని ఉండాలి మేడం, లేకపోతే మీరెంత చెప్పినా వేస్ట్"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మానాలని గట్టిగా నిర్ణయించుకుని వచ్చేవాళ్ళు తక్కువ. భార్య ఏడిస్తే వస్తారు, మేస్త్రీ పనిలోకి రావద్దంటే వస్తారు, ఆఫీసులో వార్నింగ్ ఇస్తే వస్తారు, వచ్చి కుర్చీ అంచున కూర్చుని తలుపు వైపు చూస్తుంటారు. ఆ మనిషిలో మానాలన్న ఆశ, తాగాలన్న కోరిక రెండూ పక్కపక్కనే ఉంటాయి. నేను మానెయ్ మానెయ్ అని ఒకటి పట్టుకుని లాగానంటే ఆయన రెండోదాని తరఫున వాదించడం మొదలుపెడతాడు, వాదించేకొద్దీ తన మాటే తనకి నిజమనిపిస్తుంది. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి గురించి మొదట రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచారు, అందులో ముఖ్యమైన సంగతి ఏంటంటే మానడానికి కారణం మా నోట్లోంచి కాదు, ఆ మనిషి నోట్లోంచే రావాలి.

ఒక పెయింటర్ గురించి చెప్తా, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. వాళ్ళ తమ్ముడు బలవంతంగా తీసుకొచ్చాడు. నేను మొదట అడిగింది "తాగితే మీకు ఏం బాగుంటుంది అన్నా?" అని. ఆయన ఆశ్చర్యపోయాడు, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. "నడుం నొప్పి తెలీదు మేడం, నిద్ర పడతాది" అన్నాడు. సరే అని విన్నాను. పని ఎలా ఉందంటే కాసేపటికి తనే చెప్పాడు, "ఇంతకుముందు మూలల్లో బ్రష్‌తో గీత కొట్టేది నాకే ఇస్తాండ్రి, ఇప్పుడు పొద్దున్నే చెయ్యి వణుకుతాంది, గీత నిలబడ్డం లే, పుట్టీ రుద్దే దానికి పెట్నారు" అని. నేను "గీత కొట్టే పని మీకు మళ్ళీ కావాలి" అన్నాను, అంతే, ప్రశ్న కూడా కాదు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాతి వారం తమ్ముడు లేకుండా వచ్చాడు. మానాలన్న కోరిక ఆయన ఇంటి నుంచి తెచ్చుకోలేదు, ఆ కుర్చీలో కూర్చున్నాక బయటికొచ్చింది, దాన్ని బయటికి రానివ్వడమే మా పని. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందని అందులో ఉంది. మిగతా 37 మందికీ మానాలని లేదంటే నేను నమ్మను.

అపోహ: "స్క్రీనింగ్ అంటే అబద్ధాలు పట్టుకోవడం"

స్క్రీనింగ్ అంటే ఎవరు ఎంత తాగుతున్నారో ప్రశ్నలతో తెలుసుకోవడం, దాన్ని పోలీసు ఎంక్వైరీలా చేస్తే అబద్ధాలే వస్తాయి. "తాగుతారా?" అంటే "ఎప్పుడైనా, కంపెనీ కోసం" అంటారు. అందుకే నేను ముందు "మీ ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు అడగొచ్చా, అందరినీ ఇవే అడుగుతాను" అని పర్మిషన్ తీసుకుంటా. డబ్ల్యూహెచ్ఓ తయారుచేసిన ఆడిట్ అనే ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి, మొత్తం 40 మార్కులు, 8 లేదా పైన వస్తే తాగే తీరు ప్రమాదం వైపు ఉందని, 20 లేదా పైన వస్తే బానిసయ్యారేమో పూర్తిగా చూడాలని అర్థం. అది రోగం పేరు పెట్టే టెస్ట్ కాదు, మాట మొదలుపెట్టే తలుపు. ఆ పెయింటర్ అన్నకి 20 దాటింది, ఆయనకి నంబర్ చెప్పి ఊరుకోలేదు, "ఇది చూస్తే మీకేమనిపిస్తోంది?" అని అడిగాను.

ఇక్కడ భాష కూడా చూసుకోవాలి. "మందు ఆపేశాను మేడం" అంటే డాక్టరిచ్చిన మాత్రలు ఆపేశాడా, బ్రాందీ ఆపేశాడా? మనకి రెండూ మందే, ప్రతిసారీ విడమరిచి అడగాల్సిందే. కొలత కూడా అంతే, పెగ్గుల్లో అడిగితే ఒక్కొక్కరి పెగ్గు ఒక్కో సైజు, అందుకే నైంటీనా, క్వార్టరా అని అడుగుతా. 10 గ్రాముల ఆల్కహాల్‌ని ఒక డ్రింక్ అని లెక్కేస్తే 180 మిల్లీల క్వార్టర్ విస్కీ దాదాపు 6 డ్రింకులు. బీరేగా అనుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలకి కూడా కాగితం మీద లెక్కేసి చూపిస్తా, 8 శాతం ఉన్న 650 మిల్లీల స్ట్రాంగ్ బీరు ఒక్కటి దాదాపు 4 డ్రింకులు. లెక్క వాళ్ళ చేతే వేయిస్తే ఇంకా మంచిది. మద్యం దగ్గరే ఆగిపోకూడదు, ఖైనీ, గంజాయి, నిద్రమాత్రలు అన్నీ అడగాలి, ఆడవాళ్ళని కూడా అడగాలి, మనం అడగం కాబట్టే వాళ్ళు చెప్పరు.

అపోహ: "మాల వేసుకుంటే 41 రోజులు ముట్టడు, అంటే అడిక్షన్ లేనట్టేగా"

అయ్యప్ప మాల మీద నాకు చాలా గౌరవం, ఆ 41 రోజులు ఎంతోమందికి నిజంగా బలం ఇస్తాయి, నేను కౌన్సెలింగ్‌లో ఆ బలాన్నే గుర్తుచేస్తా, "అప్పుడు సాయంత్రాలు ఎలా గడిచాయి, ఎవరు తోడున్నారు" అని. కానీ కొన్నాళ్ళు ఆపగలగడం, అడిక్షన్ లేకపోవడం ఒకటి కాదు, మాల తీసిన వారానికి మళ్ళీ పాత కోటాకి వచ్చేవాళ్ళని ప్రతి ఏడాదీ చూస్తా.

ఇంకోటి, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు, ముఖ్యంగా పొద్దున్నే చెయ్యి వణికి ఒక నైంటీ పడితేగానీ ఆగనివాళ్ళు, మాల కోసమైనా ఒట్టు కోసమైనా డాక్టర్ లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. చివరిసారి తాగిన కొన్ని గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి. దాన్ని గాలి సోకిందని గుడికో దర్గాకో తీసుకెళ్తే టైమ్ పోతుంది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ పెయింటర్ అన్న చెయ్యి వణుకు మాట అనగానే కౌన్సెలింగ్ పక్కనపెట్టి నేను ముందు డాక్టర్ దగ్గరకే పంపింది ఇందుకే.

అపోహ: "తెలీకుండా కూరలో మాత్ర కలిపితే అసహ్యం పుట్టి మానేస్తాడు"

వద్దు. "అక్కా, మెడికల్ షాపులో అడిగి తెచ్చినా" అని మెల్లగా చెప్పే ఆడవాళ్ళ కష్టం నాకు తెలుసు, వాళ్ళని ఎప్పుడూ కోప్పడను. కానీ డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పెరిగి బీపీ పడిపోవచ్చు, ప్రాణాలు కూడా పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. ఆ మనిషికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాక, డాక్టర్ టెస్టులు చూసి ఇవ్వాల్సిన మందు అది. పైగా విషయం బయటపడిన రోజు నుంచి ఆయన ఇంట్లో అన్నం కూడా నమ్మడు, మమ్మల్ని అసలు నమ్మడు.

అపోహ: "చెప్తే ఆఫీసుకి తెలుస్తుంది, గంజాయి అయితే పోలీసులొస్తారు"

సాఫ్ట్‌వేర్ పిల్లలు ఫస్ట్ అడిగేది ఇదే. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 ప్రకారం మీ ట్రీట్‌మెంట్ వివరాలు గోప్యంగా ఉంచాలి, ఎవరి ప్రాణానికైనా ప్రమాదం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా నేను మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తా. ఇక మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో సెక్షన్ 64ఎ ఉంది, వాడకం లేదా చిన్న పరిమాణం కేసుల్లో, తనంతట తానే ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట ట్రీట్‌మెంట్‌కి వచ్చినవాళ్ళకి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది, మధ్యలో ట్రీట్‌మెంట్ వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

అపోహ: "రెండోసారి రాలేదంటే ఇంక వాడు మారడు"

రాకపోవడానికి వంద కారణాలుంటాయి, కూలీ పోతుంది, మళ్ళీ తాగి మొహం చూపించలేకపోతారు. నేను ఫోన్ చేస్తా. ఆ పెయింటర్ అన్న మూడో వారం రాలేదు, ఫోన్ చేస్తే "తప్పైపోయింది మేడం, ఆదివారం తాగినా" అన్నాడు. నేను తిట్టలేదు, "సోమవారం తాగలేదు కదా, ఎలా ఆపారు?" అని అడిగాను. అది చెప్పడానికి బుధవారం వచ్చాడు.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి హోసూర్ రోడ్‌లోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అడిక్షన్ మెడిసిన్ సెంటర్ ఉంది. ఎక్కడున్నా సరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది. తాగే మనిషి ఇంకా ఒప్పుకోకపోయినా ఇంట్లోవాళ్ళు ముందు చేయొచ్చు.