బర్మా టేకు గడపలో మిగిలిన చేవ

కడప, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో పాత మిద్దెలు పడగొట్టినప్పుడు బండలతో పాటు దూలాలు, ద్వారబంధాలు, గడపలు కూడా అమ్మకానికి వస్తాయి. వాటిలో కొన్ని బ్రిటిష్ హయాంలో మౌల్మీన్, రంగూన్ రేవుల నుండి ఓడల్లో వచ్చిన బర్మా టేకు. మన శేషాచలం ఎర్రచందనం నీటిలో మునిగేంత బరువైనదే గాని, అనుమతి లేనిదే దాని జోలికి పోరాదు. అందుకే పెట్టె చేసే నా పనికి నేను ఎంచుకున్నది ఒక విరిగిన టేకు గడప.

పైన రంగు పొరలు, లోపల తుప్పు మేకులు. మేకు చుట్టూ కర్ర నల్లబడి ఉంటే అది కుళ్లు కాదు, ఇనుము కర్రలోని టానిన్లనే వగరు పదార్థాలతో కలిసి ఏర్పరచిన మరక. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి దాన్ని పొడిగా గీకకూడదు. టేకు పొట్టు కూడా కొందరికి చర్మంపై దురద తెస్తుంది.

చిత్రిక పట్టగానే బంగారు గోధుమ రంగు చేవ, అంటే మాను నడిమి గట్టి కర్ర, బయటపడింది. చెట్టు ముదిరేకొద్దీ నడిమి భాగంలోని జీవకణాలు చనిపోయి, ఆ చోట టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చేరతాయి. చెదలు దాన్ని అంత తేలికగా ముట్టకపోవడానికి ఇదొక కారణం. కర్రలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) మాత్రం ఉలి పదునును త్వరగా తినేస్తుంది. పైగా టేకులో సహజంగా ఉండే జిడ్డు వల్ల జిగురు సరిగా పట్టదు. నా మొదటి అతుకు వారానికే ఊడిపోయింది. రెండోసారి అతికే ముందు అసిటోన్‌తో తుడిచి, వెంటనే జిగురు పూస్తే నిలిచింది.

నూరేళ్లు ఎండిన కర్ర ఇక కదలదని, అంటే ఉబ్బదు, కుంచించుకోదని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. కణగోడలు గాలిలోని తేమను ఎన్నేళ్లయినా పీల్చి వదులుతూనే ఉంటాయి. గాలిలో తేమ చాలా కాలం 30 శాతం దగ్గర ఉంటే కర్రలో సుమారు 6 శాతం, 80 శాతం దగ్గర ఉంటే సుమారు 16 శాతం నీరు నిలుస్తుంది. ఈ తేడాకు 20 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక, కోసిన తీరును బట్టి, అడ్డంగా దాదాపు 4 మిల్లీమీటర్ల వరకు ఉబ్బగలదు. పొడవు మాత్రం మారదనే చెప్పాలి.

ఈ లెక్కతోనే, మే నెలలో పెట్టెకు జారుడు మూత చేసినప్పుడు గాడిలో రెండు వైపులా సందు వదిలాను. కొలత తప్పిందని ఇంట్లో నవ్వారు. అక్టోబరు వానలకు ఆ సందు దాదాపు మూసుకుపోయింది, మూత మాత్రం బిగుసుకోలేదు.