కడ్డీ అడ్డంగా ఆగితే టెన్షన్ కుదిరినట్టేనా? గట్టింగ్‌లో అపోహలు - వాస్తవాలు

"అన్నా, 26 వెయ్యి." విజయవాడలో నా టేబుల్ దగ్గరికి షటిల్ బ్యాట్ తెచ్చే కుర్రాళ్లలో చాలామంది మాట ఇదే. 26 అంటే పౌండ్లు, బ్యాట్‌కి అల్లే దారాన్ని, అంటే గట్‌ను, ఎంత బిగువుగా లాగాలన్న లెక్క. ఆ బిగువే టెన్షన్. నాది కడ్డీకి తగిలించిన బరువుతో గట్ లాగే డ్రాప్ వెయిట్ మెషిన్. గట్ లాగుతున్నంతసేపూ వాళ్ల చూపు ఆ కడ్డీ మీదే ఉంటుంది. అది కాస్త వాలి ఆగిందంటే మొహం మాడిపోతుంది.

అపోహ: కడ్డీ వెంట్రుకవాసి తేడా లేకుండా అడ్డంగా ఆగాలి.

వాస్తవం: అంత అక్కర్లేదు. కడ్డీ మీద బరువు ఇరుసుకి ఎంత దూరంలో ఉంటే గట్‌ను అంత గట్టిగా లాగుతుంది. కడ్డీ వాలితే ఆ అడ్డదూరం తగ్గుతుంది. పదో తరగతిలో తిట్టుకుంటూ చదివిన కొసైన్ ఇక్కడ పనికొచ్చింది. 24 పౌండ్ల మీద 5 డిగ్రీల వాలుకి పోయేది పౌండులో పదో వంతు. 10 డిగ్రీలకి మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 20 డిగ్రీలు వాలితే మాత్రం దాదాపు పౌండున్నర పోతుంది. పైకి వాలినా కిందికి వాలినా తగ్గడమే. "కిందికి దిగిపోయింది, ఎక్కువ లాగేసింది" అనేది ఉత్త మాట. నేను 5 డిగ్రీల లోపైతే వదిలేస్తాను, దాటితే కడ్డీ ఎత్తి మళ్లీ పట్టిస్తాను.

అడ్డం అంటే భూమికి సమాంతరం, టేబుల్‌కి కాదు. టేబుల్ కాళ్లలో ఒకటి పొట్టిదైతే కంటికి మోసమే. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం కడ్డీ పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.

అపోహ: కడ్డీ మీద అచ్చు వేసిన అంకె తప్పదు.

వాస్తవం: నేను మోసపోయింది ఇక్కడే. బరువుకి లోపలి అంచు దగ్గర అంకె చూడాలా, బయటి అంచు దగ్గరా అన్నది తెలియక కొన్ని నెలలు తప్పు అంచే చూశాను. రోజూ ఆడే ఒకబ్బాయి "గట్ లూజుగా ఉందంకుల్" అంటే వాడికే కొట్టడం రాదనుకున్నాను. చివరికి పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గరుండే కొక్కెం కాటా లాంటిది తెచ్చి, ముందు ముద్ర వేసిన 5 కిలోల తూకం రాళ్లు రెండు వేలాడదీసి కాటాని పరీక్షించాను. 10 కిలోలంటే 22 పౌండ్లు. తర్వాత కాటాని మెషిన్‌కి కట్టి, దాని కొక్కానికి గట్ ముక్క తగిలించి, రెండో కొసను మెషిన్‌తో లాగించాను. తేడా రెండు పౌండ్లు! ఇప్పుడు కడ్డీ మీద నా సొంత గీతలున్నాయి, మార్కర్‌తో.

అపోహ: ఎలక్ట్రానిక్ మెషిన్ ముందు డ్రాప్ వెయిట్ మెషిన్ బొమ్మ.

వాస్తవం: బరువులెత్తిన దండమూడి రాజగోపాలరావు పేరు ఇండోర్ స్టేడియానికి పెట్టుకున్న ఊళ్లో బరువుని నమ్మకపోతే ఎలా? కరెంటు పోయినా భూమి లాగుతూనే ఉంటుంది. గట్ సాగితే కడ్డీ ఇంకాస్త దిగుతుంది గానీ లాగడం ఆపదు. చేత్తో తిప్పి లాక్ చేసే మెషిన్‌లో లాక్ పడ్డాక గట్ సాగిన మేరకు టెన్షన్ జారిపోతుంది. డ్రాప్ వెయిట్‌తో పని నెమ్మది, అది ఒప్పుకుంటాను. కడ్డీని ధబేల్మని వదలకండి. ఆ ఊపుకి క్షణంపాటు మనం పెట్టినదానికంటే ఎక్కువ లాగుతుంది. చేత్తో పట్టుకుని మెల్లగా దించాలి.

అపోహ: 24 పెట్టి లాగితే బ్యాట్‌లో 24 ఉంటుంది.

వాస్తవం: ఉండదు. లాగిన గట్‌ను పట్టి ఉంచే క్లాంప్ కాస్త వెనక్కి వస్తుంది, అడ్డం గట్లు నిలువు గట్లతో రాసుకుంటాయి, ముడి దగ్గర కొంత పోతుంది. క్లాంప్ పక్కన గట్ మీద పెన్నుతో చుక్క పెట్టి చూడండి. చుక్క జరిగితే క్లాంప్ జారుతున్నట్టే, ముందు దాన్ని తుడిచి బిగించండి. పని అయిపోయాక కూడా నైలాన్ గట్ సడలుతూనే ఉంటుంది. మన మే నెల ఎండలో బండి డిక్కీలో బ్యాట్ వదిలేస్తే ఇంకా త్వరగా.

ఇక 26 అడిగే కుర్రాళ్ల సంగతి. టెన్షన్ పెరిగితే షాట్ జోరు పెరుగుతుందనుకుంటారు. లూజు గట్టే షటిల్‌ని ఎక్కువ విసురుతుంది, టైటు గట్‌కి కావాల్సింది కొట్టేవాడి చేతిలో బలం. బ్యాట్ మీద 24 వరకే అని రాసి ఉంటే ఆ అంకె చూపించి, 23 వేసి ఇస్తాను. కాదు 26 కావాలంటే ముందు బ్యాట్ మార్చమంటాను.