ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపు ఎక్కడిది?

విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. పిల్లలతో అక్కడికి వెళ్లొచ్చిన ఒక పాఠకురాలు అడిగారు: "ఒడ్డున ఇసుక మామూలుగానే ఉంది. రోడ్డు దాటగానే అంత ఎర్రగా ఎలా మారిపోయిందండీ?" కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాను.

బడి పుస్తకాల్లో దీనికి జవాబు ఒక్క ముక్కే: ఐరన్ ఆక్సైడ్ వల్ల. పిల్లలు బిట్ పేపర్‌లో అదే రాస్తారు, మార్కు పడుతుంది, విషయం అక్కడితో సరి. ఆ ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది, ఇసుకకి ఎలా అంటుకుంది అని అడగనివ్వకపోవడం మన సైన్సు బోధనలో నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాతివి. ఆ రాతిలో గార్నెట్ అనే ఖనిజం ఉంటుంది, గార్నెట్‌లో ఇనుము ఉంటుంది. కొండలు అరిగి గెడ్డల్లో కొట్టుకొచ్చిన ఇసుకలో క్వార్ట్జ్‌తో (మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం) పాటు గార్నెట్, ఇనుమున్న మరో రెండు ఖనిజాలు ఇల్మనైట్, కొద్దిగా మాగ్నటైట్ కూడా చేరతాయి. భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది మురికి అనుకుని పక్కకి తప్పుకుంటారు. తేలికైన క్వార్ట్జ్‌ని అల లాక్కుపోగా మిగిలిన ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలవి. వాటి అంచున లేత గులాబీ ఛాయ కనిపిస్తే అది గార్నెట్. వంగి ఒకసారి దగ్గరగా చూడండి, దిబ్బలకు రంగు ఇచ్చిన ముడిసరుకు అదే.

ఈ ఇసుక దిబ్బలుగా పేరుకోవడానికి గాలి, సముద్రం రెండూ కారణం. చివరి హిమయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, అంటే దాదాపు 20,000 ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు తక్కువ. తీరం దూరంగా జరిగిపోయి, బయటపడ్డ సముద్రపు అడుగు ఎండిపోయింది. అక్కడి ఇసుకని గాలి లోపలికి తోసి గుట్టలు పోసింది. అప్పటికి అది ఎర్రగా లేదు.

ఎరుపు ఆ తర్వాత పట్టింది. అక్షింతలు కలపడం గుర్తు తెచ్చుకోండి. బియ్యం గింజ లోపల తెల్లగానే ఉంటుంది, పైన మాత్రం పసుపు పట్టి ఉంటుంది. దిబ్బలోని ఇసుక రేణువూ అంతే. లోపల రంగులేని క్వార్ట్జ్, పైన వెంట్రుక కంటే ఎంతో పలచగా హెమటైట్ అనే ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ పూత. ల్యాబ్‌లో ఆ పూతని కరిగించేస్తే కింద మామూలు ఇసుకే బయటపడుతుంది. కాస్త పసుపుతో గిన్నెడు బియ్యం ఎలా రంగు తిరుగుతాయో, బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ల హెమటైట్‌తో దిబ్బంతా అలా ఎర్రబడుతుంది. పసుపు అంటడానికి చిలకరింపు తడి చాలు, నీళ్లు ఎక్కువైతే కారిపోతుంది. ఇక్కడ కూడా తడి, ఎండ మార్చి మార్చి రావాలి. వానాకాలంలో నీరు, ఆక్సిజన్ చేరి గార్నెట్, మాగ్నటైట్ లాంటివాటిలోని ఇనుము విడివడి, ఫెర్రిహైడ్రైట్ అనే అస్థిరమైన, నీరు పట్టిన ఆక్సైడ్‌గా రేణువుల మీద చేరుతుంది. నేల వేడెక్కి ఎండితే అది నీరు కోల్పోయి హెమటైట్ అవుతుంది, ఎర్రగా ఉంటుంది. నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటే గోథైట్ అనే మరో ఇనుప ఖనిజంగా మారుతుంది, పసుపు గోధుమ రంగులో ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలే వానలు, మిగతాదంతా ఎండ కాసే మన తీరం హెమటైట్‌కి బాగా అనుకూలం. అక్షింతలు ఒక్క నిమిషంలో అయిపోతాయి గానీ, ఈ పూతకి వేల ఏళ్లు కావాలి. ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పైనున్న కొత్త ఇసుక ఇంకా లేత పసుపు రంగులోనే ఉండటానికి ఇది కూడా ఒక కారణం.

పూతతో పాటు నీళ్లు కిందికి మోసుకెళ్లిన సన్నటి బంకమన్ను రేణువుల్ని పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడి లోయల గోడలు ఇసుకవైనా నిట్టనిలువుగా నిలబడగలుగుతున్నాయి. కానీ ఆ పట్టు చాలా బలహీనం. వానకి అడుగు నానితే పై పెళ్ల మొత్తం విరిగి పడుతుంది. ఫొటోల కోసం దయచేసి ఆ అంచులు ఎక్కకండి.

దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు తేరి నేలల్లో, శ్రీలంకలో మాత్రమే చెప్పుకోదగ్గంతగా ఉన్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో మన దిబ్బల పేరు చేరినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంతకు ముందు ఏడాదే ఇక్కడ తవ్వకాల మీద పెద్ద గొడవ జరిగింది. తవ్వితే పోయేది అందం ఒక్కటే కాదు. మట్టి కింద చీకట్లో ఉన్న క్వార్ట్జ్ స్ఫటికాల లోపాల్లో, చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల ఎలక్ట్రాన్లు ఏటా కొన్ని చిక్కుకుంటూ ఉంటాయి. వాటిని వెలుతురుతో విడిపించి, వచ్చే కాంతిని కొలిస్తే ఆ ఇసుక చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. దిబ్బల వయసు లెక్కకట్టే పద్ధతుల్లో ముఖ్యమైనది ఇదే. అందుకే నమూనాని వెలుతురు సోకకుండా గొట్టంలో తీస్తారు. జేసీబీ తిరగేసిన ఇసుక మీద కాసేపు ఎండ పడితే చాలు, ఆ లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది.