బల్లార్షా జంక్షన్: ప్రయాణికుల అపోహలు - వాస్తవాలు

వార్ధా నది ఒడ్డున, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ పట్టణంలో ఉన్న బల్లార్షా జంక్షన్ పరిసరాల్లో రైళ్ల నిర్వహణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మన వాళ్లు ప్లాట్‌ఫారం మీద చెప్పుకొనే మాటల్లో కొన్ని ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయాయి. వాటిని నమ్మి నష్టపోయినవారిని చూశాను కనుక ఈ వివరాలు రాస్తున్నాను.

అపోహ: ఈ స్టేషను, ఈ మార్గం మొత్తం నిజాం కట్టించినవే.

వాస్తవం: ఇందులో సగమే నిజం. వార్ధా వైపు నుంచి వచ్చిన మార్గం గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేది. కాజీపేట వైపు నుంచి వచ్చినది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేది. నదికి ఇవతల బ్రిటిషు వారి సెంట్రల్ ప్రావిన్సెస్, అవతల హైదరాబాదు సంస్థానం ఉండేవి కనుక రెండు కంపెనీల పట్టాలు ఇక్కడ కలిశాయి. 1929లో కాజీపేట - బల్లార్షా మార్గం పూర్తయ్యాకే ఢిల్లీకీ మద్రాసుకూ ఈ దారిన నేరుగా ప్రయాణం సాధ్యమైంది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైందీ ఆ సంవత్సరమే. వంతెన దాటగానే వచ్చే మాణిక్‌గఢ్, ఆ తరువాతి విరూర్ స్టేషన్లున్న రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. ఆ ఊళ్లలో నేటికీ తెలుగు వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

అపోహ: బల్లార్షాలో ఇంజను మారుస్తారు, లేదా సిబ్బంది నిర్లక్ష్యంతో బండిని ఊరికే నిలబెడతారు.

వాస్తవం: కాజీపేట వైపూ నాగపూర్ వైపూ ఒకే 25 కిలోవోల్టుల విద్యుత్తు ఉంది కాబట్టి సరిహద్దు వచ్చిందని ఇంజను మార్చవలసిన పని లేదు. మారేది ఇంజను నడిపే మనుషులు. బల్లార్షా మధ్య రైల్వేలోని నాగపూర్ డివిజనుకు చివరి స్టేషను. నది అవతల దక్షిణ మధ్య రైల్వే పరిధి మొదలవుతుంది. ఏ సిగ్నలు ఏ మలుపు తరువాత కనబడుతుందో, ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ వేగం తగ్గించాలో స్వయంగా తిరిగి నేర్చుకున్న సెక్షనులోనే లోకో పైలట్ బండి నడపాలి. కొన్ని నెలలు ఆ దారిన వెళ్లకపోతే, ఎంత అనుభవజ్ఞుడైనా తోడుగా వెళ్లి మళ్లీ దారి చూసుకోవలసిందే. అందుకే ఇక్కడ ఒక జట్టు దిగి, ఇంకొక జట్టు ఎక్కుతుంది. బ్రేకుల స్థితి, వేగ పరిమితుల కాగితాలు చేతులు మారతాయి. బోగీల్లో నీళ్లు నింపుతారు. కిటికీలోంచి చూసేవారికి ఇదేదీ కనబడదు కనుక బండి ఖాళీగా నిలబడి ఉన్నట్టే తోస్తుంది. ఆ నిమిషాల్లో ఎవరూ విశ్రాంతిగా ఉండరని మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

అపోహ: బొగ్గు బండ్ల కోసం ప్యాసింజరును ఆపేస్తారు.

వాస్తవం: ప్రాధాన్య క్రమంలో మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లు ముందు, ప్యాసింజర్లు తరువాత, గూడ్సులు ఆ తరువాత. మన ప్యాసింజరు లూప్ లైనులో (వేరే బండికి దారి ఇవ్వడానికి ప్రధాన మార్గం పక్కన ఉండే పట్టాలపై) ఆగిందంటే చాలాసార్లు వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తున్నట్టు లెక్క. అయితే లూపుల్లో చోటు లేనప్పుడు, ముందున్న గూడ్సును పంపేస్తేనే వెనకవాటికి దారి దొరుకుతుందని కంట్రోలు (బండ్ల రాకపోకలను నియంత్రించే కార్యాలయం) నిర్ణయించే సందర్భాలూ ఉంటాయి. రోజూ పనికి వెళ్లి వచ్చేవారి కష్టం నాకు తెలుసు; వారి ఫిర్యాదు న్యాయమైనదే, కారణం మాత్రం వారు అనుకునేది కాదు.

అపోహ: చాందా ఫోర్టన్నా చంద్రపూరన్నా ఒకే స్టేషను.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. చాందా పేరు 1964లో చంద్రపూర్‌గా మారినా, గోందియా మార్గంలోని స్టేషనుకు చాందా ఫోర్ట్ అన్న పాత పేరే మిగిలింది. ఇంకొకటైన చంద్రపూర్ స్టేషను వార్ధా మార్గంలో ఉంది. బల్లార్షా దాటగానే ఈ రెండు దారులూ విడిపోతాయి. వార్ధా దగ్గరి సేవాగ్రామ్ ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్తూ, చాందా అన్న మాట చూసి గోందియా బండి ఎక్కిన ఒక కుటుంబాన్ని వెనక్కి పంపే ఏర్పాటు నేనే చేయవలసి వచ్చింది. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. మరొక చిక్కు కూడా ఉంది: గోందియా మార్గాన్ని చూసేది ఆగ్నేయ మధ్య రైల్వే వారి నాగపూర్ డివిజను. నాగపూర్ పేరుతో రెండు వేర్వేరు జోన్లలో రెండు డివిజన్లున్నాయి కనుక, ఫిర్యాదు రాసేటప్పుడు ఊరి పేరుతో పాటు జోను పేరు కూడా రాయాలి.

అపోహ: దగ్గరి ఊరికి తీసుకున్న టిక్కెట్టు ఆ రోజంతా, ఏ బండికైనా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. 200 కిలోమీటర్ల లోపు సాధారణ టిక్కెట్టు కొన్న మూడు గంటల్లోగా గానీ, ఆ వైపు వెళ్లే మొదటి బండి బయలుదేరేలోగా గానీ, ఏది తరువాత అయితే ఆలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. ప్యాసింజరు టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్‌కు అదనపు రుసుము ఉంటుంది. 2024 సెప్టెంబరు నుంచి ఇక్కడ ఆగుతున్న నాగపూర్ - సికింద్రాబాద్ వందే భారత్‌లో జనరల్ బోగీయే లేదు.

అపోహ: నిలబడి ఉన్న గూడ్సు కిందుగా దాటవచ్చు, కదిలేముందు తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. 58 పెట్టెల బొగ్గు బండి పొడవు అరకిలోమీటరుకు మించి ఉంటుంది. మీరు మధ్యలో ఉంటే ఇంజను కూత స్టేషను రొదలో వినబడకపోవచ్చు, పెట్టెలను కలిపే కప్లింగుల జర్కు మాత్రం క్షణాల్లో మీ దాకా వస్తుంది. పట్టాలు దాటడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం కూడా. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు ఆదిలాబాదు వైపు నుంచి పిల్లలతో, మూటలతో వచ్చే భక్తులు తొందరలో ఈ పని చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. దయచేసి పాదచారుల వంతెన ఎక్కండి; మోకాళ్ల నొప్పులున్న పెద్దలను వెంట తెచ్చేటట్లయితే, వంతెన ఎక్కి దిగడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకొని ముందుగానే స్టేషనుకు చేరండి.