పక్క తొట్టిలోకి గొట్టం

"మెదడులో కరెంటు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయంటారు, నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. సగం నిజం. మెదడు కణాలు, అంటే న్యూరాన్లు, ఎప్పుడూ పనిచేసేది కరెంటుతోనే. మామూలుగా ఎవరి పని వాళ్లది. బోలెడన్ని కణాలు అదుపు తప్పి ఒకేసారి స్పందించడం మొదలుపెడితేనే మూర్ఛ. దయ్యం కాదు, మెదడు జబ్బని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ శిష్యులు 2400 ఏళ్ల కిందటే రాసిపెట్టారు. అయినా భూతవైద్యుల గిరాకీ తగ్గలేదు.

మరి అన్ని కణాలూ ఒకేసారి ఎలా కదులుతాయి? న్యూరాన్ రసాయనం వదిలి పక్కదాన్ని కదిలిస్తుందన్నది స్కూల్లో చెప్పే పాఠమే, వదిలేద్దాం. పాఠాల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టేసే గ్యాప్ జంక్షన్ అనే అతుకు దగ్గరే అసలు రుచి ఉంది. రెండు కణాల పొరలు 2-4 నానోమీటర్ల దగ్గరికి వస్తాయి. ఒక్కో వైపు ఆరేసి కనెక్సిన్ ప్రొటీన్లు గుండ్రంగా చేరి సగం గొట్టం కడతాయి. సగాలు అతుక్కోగానే అయాన్లు, అంటే కరెంటు మోసే అణువులు, నేరుగా పక్క కణంలోకి పారతాయి. న్యూరాన్ల మధ్య కరెంటు ఇలా నేరుగా దాటుతుందని 1959లో ఫర్ష్‌పాన్, పాటర్ అనే శాస్త్రవేత్తలు క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవిలో చూపించారు.

రెండు నీళ్ల తొట్లు, వాటి అడుగున కలిపే గొట్టం అనుకోండి. నీటిమట్టమే వోల్టేజి, పొర్లడమే స్పందన. రెండూ అంచుదాకా నిండి ఉంటే, ఒకదాంట్లో చెంబెడు పోసినా రెండూ కలిసి పొర్లుతాయి. పక్క తొట్టి ఖాళీగా ఉందా, పొర్లబోయేది కాస్తా అటు జారుకుని ఆగిపోతుంది. కలపడం, చల్లార్చడం, రెండూ ఆ ఒక్క గొట్టం పనే!

1982లో పరిశోధకులు హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ముక్కల చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం బాగా తగ్గించి రసాయన సినాప్స్‌లను, అంటే రసాయనంతో కబురు పంపే అతుకులను, ఆపేశారు. అయినా కణాలు గుంపుగా స్పందిస్తూనే ఉన్నాయి. పక్క కణాల విద్యుత్ క్షేత్రం, బయట పేరుకునే పొటాషియం కూడా ఇందులో భాగస్వాములే. 1998లో డ్రాగున్, ట్రాబ్ బృందం అలాంటి ముక్కల్లోనే సెకనుకు 200 సార్లు ఊగే అలలు చూసింది. గ్యాప్ జంక్షన్లను మూసే మందులు వేస్తే అవి ఆగిపోయాయి. మూర్ఛ పుట్టే చోట ఇలాంటి వేగమైన అలలు కనిపిస్తాయి కాబట్టే ఇంత ఆసక్తి.

అయితే గొట్టాలన్నీ మూసేస్తే సరిపోతుందా? ఎదిగిన మెదడు పైపొర కార్టెక్స్‌లో కనెక్సిన్ 36 అనే రకం ప్రొటీన్ గొట్టాలు ఎక్కువగా ఉండేది పక్కవాటిని అణిచే న్యూరాన్ల మధ్యే. వాటి జట్టు చెదిరితే అదుపూ చెదరొచ్చు. మలేరియాకు వాడే మెఫ్లోక్విన్ ఈ కనెక్సిన్ 36నే మూస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లను మాత్రం ఆ మందుకు దూరంగా ఉండమంటారు, ఎందుకంటే దాంతో ఫిట్స్ రావచ్చు.